రోడ్ బైక్ కొత్తగా ఎక్కినవారికి: మొదటి నెల ఎలా తొక్కాలి

మా నాన్న నా కొత్త సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగిన మొదటి ప్రశ్న: "ఏరా, అరవై వేలు తీసుకుని వాడు స్టాండు కూడా వెయ్యలేదా?" స్టాండొక్కటే కాదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, చైన్ కవర్ లేదు. బెల్లు కూడా నేనే విడిగా కొనుక్కున్నాను. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎక్కి పది గజాలు తొక్కానో లేదో, ముందు చక్రం పాములా మెలికలు తిరిగింది. చిన్నప్పుడు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కినవాణ్ని, డిగ్రీ అయ్యేదాకా రోజూ సైకిల్ మీదే కాలేజీకి వెళ్లినవాణ్ని, నలభై దాటాక వాచ్‌మన్ చూస్తుండగా సైకిల్ రానివాడిలా కాలు కింద పెట్టేశాను.

మీకూ ఇలాగే అయితే సైకిల్‌లో లోపం లేదు, మీలోనూ లేదు. పాత సైకిల్ మీద మన బరువంతా సీటు మీదే ఉంటుంది. నిటారుగా కూర్చుంటాం, చేతులు హ్యాండిల్‌ని ఊరికే అంటిపెట్టుకుని ఉంటాయి. రోడ్ బైక్ అంటే సన్నటి టైర్లు, వంపు తిరిగిన హ్యాండిల్ ఉండే రేసింగ్ రకం సైకిల్, దాని మీద ఒళ్లు ముందుకు వంగుతుంది కాబట్టి ఆ బరువును పాదాలు, సీటు, చేతులు మూడూ పంచుకోవాలి. ఎప్పుడు ఎక్కడ ఎంత బరువు పెట్టాలన్నది తెలియక మనం మొత్తం చేతుల మీద వేసేస్తాం. చక్రం వంకర్లు పోవడం, చేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం చాలావరకు ఇక్కడినుంచే మొదలవుతాయి. అందుకే మొదటి నెల వేగం లెక్కలు పక్కన పెట్టండి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని సగటు చూసుకోవడం రెండో నెల నుంచి చేసుకోవచ్చు.

ముందు సీటు ఎత్తు చూసుకోండి

షాపులో నాకు సైకిల్ బిగించిన కుర్రాడు సీటును బాగా కిందికి దించి ఇచ్చాడు. "కాళ్లు నేలకి అందాలి కదా సార్" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. రెండు వారాలు అలాగే తొక్కాను. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలై, ఇంట్లో మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే పరిస్థితి వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే, సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయంటే ఆ సీటు తప్పుగా ఉన్నట్టే.

సరిచేయడానికి అయిదు నిమిషాలు చాలు. గోడ పక్కన సైకిల్ పెట్టి, గోడకు ఒక చెయ్యి ఆనించి సీటు మీద కూర్చోండి. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకోండి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, మడమను దాని మీద పెట్టండి. కాలు మోకాలి దగ్గర వంగకుండా తిన్నగా ఉండాలి, అలాగని నడుము ఆ పక్కకు ఒరగకూడదు. ఇప్పుడు మడమ తీసి, వేళ్ల వెనక ఉండే పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెట్టండి. మోకాలు కొంచెం వంగుతుంది. మీకు కావాల్సింది ఆ వంపే. తొక్కేటప్పుడు ఇంట్లో ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. పిరుదులు కుడి ఎడమలకు ఊగుతుంటే సీటు ఎక్కువైంది, అర సెంటీమీటరు దించండి. అంతకంటే పెద్ద మార్పులు ఒకేసారి చేయవద్దు. కుదిరిన ఎత్తు దగ్గర సీటు గొట్టానికి చిన్న టేపు ముక్క అంటించుకుంటే ఎవరు కదిపినా మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఆ గొట్టం మీద ఒక గీత ఉంటుంది, దాన్ని దాటి పైకి లాగకూడదు.

నొప్పి ఎక్కడుందో చూసి కూడా ఎత్తు గురించి అంచనా వేసుకోవచ్చు. మోకాలికి ముందువైపు నొప్పి వస్తుంటే సీటు తక్కువై ఉండొచ్చు, వెనకవైపు లాగుతుంటే ఎక్కువై ఉండొచ్చు. సీటు ముక్కు పైకీ కిందికీ వంగకుండా సమంగా ఉండాలి. సీటు మీద ఒక అట్ట పుస్తకం పెట్టి, దానిమీద ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ పెడితే తెలిసిపోతుంది. ముక్కు కిందికి వాలి ఉంటే మీరు జారుతూ ఉంటారు, ఆ జారుడును ఆపడానికి చేతులు రోజంతా మీ బరువు మోస్తాయి.

హ్యాండిల్ మరీ దూరంగా అనిపిస్తే చాలామంది సీటును ముందుకు జరిపేస్తారు. అది తప్పు. సీటు జరిపితే పెడల్‌కూ మోకాలికీ ఉన్న లెక్క చెడిపోతుంది. హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్కను స్టెమ్ అంటారు. దాన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిది వేయించుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు.

గాలి

పాత సైకిల్ టైరు వెడల్పు దాదాపు నాలుగు సెంటీమీటర్లు. రోడ్ బైక్‌ది 25, 28 లేదా 32 మిల్లీమీటర్లు ఉంటుంది, టైరు పక్కనే రాసి ఉంటుంది. సన్నటి టైరుకు గాలి ఎక్కువ కావాలి, అది త్వరగా దిగిపోతుంది కూడా. వారానికోసారి బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

వాల్వు కూడా కొత్తగా ఉంటుంది. వాల్వు రబ్బరు వేసే పాత రకం కాదు, మోటారు సైకిళ్లకుండే లావు రకం కాదు. పెన్సిల్ కంటే సన్నగా, పొడుగ్గా ఉంటుంది, పేరు ప్రెస్టా. ప్లాస్టిక్ మూత తీస్తే కొసన చిన్న ఇత్తడి మర కనిపిస్తుంది. దాన్ని అప్రదక్షిణంగా ఆగేదాకా విప్పండి. వేలితో ఒక్కసారి నొక్కితే 'స్' అని కొంచెం గాలి పోవాలి, అంటే వాల్వు తెరుచుకుంది. అప్పుడు పంపు తల తిన్నగా దించి, లివర్ ఎత్తి కొట్టండి. అయ్యాక తలను వంకరగా లాగితే ఆ సన్నటి పుల్ల వంగిపోతుంది. మొదటి వారంలోనే ఒక ట్యూబు నేనలాగే పాడుచేశాను. మళ్లీ మర బిగించి మూత పెట్టేయండి. పెట్రోలు బంకు పైపు దీనికి పట్టదు. మీటరు ఉన్న, కాళ్లతో తొక్కిపట్టి కొట్టే నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. హెల్మెట్ తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు ఇదే.

ఎంత కొట్టాలి? మీరు డెబ్బై కిలోల దగ్గర ఉంటే, 28 టైరుకు ముందు 70, వెనక 75 పీఎస్ఐతో (పంపు మీటరు చూపించే గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టండి. 25 అయితే 80, 85. 32 అయితే 55, 60 చాలు. మీ బరువును బట్టి అయిదో పదో అటూ ఇటూ చేసుకోండి. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ. టైరు మీద రాసిన గరిష్ఠం కొట్టేయాలని రూలేమీ లేదు, అది దాటకూడని హద్దు మాత్రమే. మరీ రాయిలా కొడితే మన రోడ్ల మీద ప్రతి గులకరాయీ పళ్లదాకా తెలుస్తుంది, మలుపులో టైరు పట్టు కూడా తగ్గుతుంది. మరీ తక్కువైతే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఎక్కడం, దిగడం

సీటు సరైన ఎత్తులో ఉంటే కూర్చున్నప్పుడు కాళ్లు నేలకు అందవు. కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఆగినప్పుడు కూడా సీటు మీదే కూర్చునే అలవాటు మనది. అది మానుకోవాలి. ఈ సైకిల్ మీద ఆగడమంటే సీటు దిగడమే.

ఖాళీ స్థలం చూసుకోండి. ఆదివారం పొద్దున స్కూలు గ్రౌండో, కొత్త లేఅవుట్ రోడ్డో. సైకిల్‌కి చెరో వైపు కాళ్లు వేసి, సీటుకు ముందు నిలబడండి. ఇంకా కూర్చోవద్దు. రెండు బ్రేకులూ పట్టుకుని, కుడి పెడల్‌ను వెనక్కి తిప్పి, గడియారంలో రెండు గంటలప్పుడు ముల్లు ఉండే చోటుకు తెచ్చుకోండి. కుడి పాదం దానిమీద పెట్టండి. బ్రేకులు వదిలి, ఆ పెడల్ మీద మెట్టెక్కినట్టు ఎక్కి నిలబడండి. ఆ ఒక్క తొక్కుతోనే సైకిల్ కదులుతుంది, మీ నడుము సీటు ఎత్తుకు లేస్తుంది. అప్పుడు కూర్చోండి. ఎడమ పెడల్ దానంతటదే పాదం కిందికి వస్తుంది, వెతకనక్కర్లేదు, కిందికి చూడనక్కర్లేదు.

ఆగేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి. వేగం తగ్గించి, కుడి పెడల్ అడుగున ఉండేలా చూసుకుని, దానిమీద బరువు వేసి సీటు నుంచి ముందుకు జారి నిలబడండి. సైకిల్‌ను కొంచెం ఎడమకు ఒరిగించి, ఎడమ కాలు నేలమీద పెట్టండి. ఎడమే ఎందుకంటే మనం రోడ్డుకు ఎడమ పక్కన ఉంటాం, బస్సులన్నీ కుడివైపు నుంచి వస్తాయి. ఇదొక్కటే ఒక పూటలో ముప్ఫై సార్లు చేయండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. పాత సైకిల్ లాగా ఒక పెడల్ మీద కాలు పెట్టి, పక్కన పరిగెడుతూ కాలు వెనకనుంచి తిప్పి ఎక్కే పద్ధతి మాత్రం వద్దు. సన్నటి చక్రం మీద ఆ పక్క బరువు మంచిది కాదు.

పొట్టేలు కొమ్ముల హ్యాండిల్ ఎలా పట్టుకోవాలి

ఈ హ్యాండిల్‌కు మూడు పట్లు ఉన్నాయి. మధ్యలో అడ్డంగా ఉన్న భాగం ఒకటి. బ్రేకు లివర్ల మీద రబ్బరు తొడుగులున్న భాగం రెండోది, దీన్ని హుడ్స్ అంటారు. కొమ్ములు వంగి కిందికి దిగిన భాగం డ్రాప్స్, మూడోది. మీ మొదటి నెలలో తొంభై శాతం హుడ్స్ మీదే గడవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఆ రబ్బరు మీద కూర్చోవాలి. ఒకటి రెండు వేళ్లు బ్రేకు లివర్ మీద, మిగతావి చుట్టూ వదులుగా. అడ్డంగా ఉన్న భాగం పట్టుకుంటే నిటారుగా, హాయిగా ఉంటుంది కానీ బ్రేకు అందదు. జనం ఉన్న రోడ్డు మీద అక్కడ చేతులు పెట్టవద్దు. డ్రాప్స్ ఎదురుగాలిలోనూ దిగుడులోనూ పనికొస్తాయి. విశాఖ నుంచి భీమిలి వెళ్లే సముద్రం పక్క రోడ్డు మీద గాలి ఎదురు తగిలిన రోజున వాటి విలువ తెలుస్తుంది. ఇప్పుడే తొందరలేదు.

ఇక పట్టు. తొక్కుతుండగా మోచేతులు ఎలా ఉన్నాయో ఒకసారి గమనించండి. కర్రల్లా బిగుసుకుని ఉంటాయి, భుజాలు చెవుల దాకా వచ్చి ఉంటాయి. ప్రతి కొత్తవాడిదీ ఇదే అవతారం. మోచేతులు కొంచెం వంచండి. పియానో వాయించేవాళ్లలాగా హ్యాండిల్ మీద వేళ్లు ఆడించి చూడండి. ఆడుతున్నాయంటే బరువు చేతుల మీద లేదన్నమాట. ఆడకపోతే, పెడల్ మీద ఇంకాస్త గట్టిగా తొక్కండి. తొక్కుతున్నకొద్దీ కాళ్లు మీ ఒంటిని పైకి మోస్తాయి, చేతులు తేలికవుతాయి. కొత్తలో నెమ్మదిగా వెళ్తే చేతులు నొప్పెట్టడం, కాస్త జోరుగా తొక్కితే తగ్గడం వెనక ఉన్న మర్మం ఇదే.

చిటికెనవేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతిలో ఆ పక్కన ఉండే నరం నొక్కుకుంటోందని గుర్తు. పది నిమిషాలకోసారి పట్టు మార్చండి, ఒక్కో చెయ్యి కాసేపు విదిలించండి. వారాలు గడిచినా తగ్గకపోతే సీటు వాలునూ హ్యాండిల్ దూరాన్నీ మళ్లీ చూసుకోండి. చేతి తొడుగులు సాయం చేస్తాయి కానీ అసలు రోగానికి మందు అది కాదు.

బ్రేకు

మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఏ చెయ్యి ఏ చక్రానిదో. మన దగ్గర మామూలుగా కుడిచెయ్యి ముందు చక్రానిది. కానీ బయటి దేశాల నుంచి వచ్చిన కొన్ని సైకిళ్లకు ఎడమచేతికి బిగించి ఉంటుంది. కుడి లివర్ నొక్కి సైకిల్‌ను ముందుకు తోయండి, ఏ చక్రం బిగుసుకుందో చూడండి. స్కూటర్‌కు అలవాటైన చేతికి ఇది తేడాగా ఉంటే షాపులో మార్పించుకోండి.

సైకిల్‌ను ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ముట్టుకుంటే పల్టీ కొడతామని చిన్నప్పుడు విన్న భయంతో చాలామంది వెనకదొక్కటే నొక్కుతారు, చక్రం జారుతుంది, సైకిల్ ఆగదు. పల్టీ కొట్టించేది బ్రేకు కంటే కూడా ముందుకు తోసుకుపోయే మన ఒళ్లు. కాబట్టి బ్రేకు వేస్తూనే పెడల్స్ రెండూ సమానంగా అడ్డంగా పెట్టి, నడుమును సీటు మీద వెనక్కి జరపండి, చేతులు బిగించి ఒంటిని ఆపండి. రెండు బ్రేకులూ కలిపి, ఒకేసారి గుంజకుండా, పాలు పిండినట్టు మెల్లగా పెంచుతూ నొక్కండి. ఖాళీ స్థలంలో ఒక గీత గీసుకుని, గీత దగ్గర మొదలుపెడితే ఎంత దూరంలో ఆగుతున్నారో అడుగులతో కొలవండి. తర్వాత రెట్టింపు వేగంతో రండి. దూరం రెట్టింపుతో ఆగదు, నాలుగింతల దగ్గరికి పోతుంది. గంటకు ముప్ఫై కిలోమీటర్లంటే సెకనుకు ఎనిమిది మీటర్లకు పైనే. రోడ్డు పక్క కారు తలుపు తెరుచుకునేలోపు అది ఎంత దూరమో ఒకసారి ఊహించుకోండి. రిమ్మును పట్టే బ్రేకులైతే వానలో ముందు రిమ్ము మీది నీళ్లు తుడుచుకున్నాకే పట్టుకుంటాయి, ఆ దూరం కూడా లెక్కలో వేసుకోవాలి.

గేర్లు

గేరు మార్చే లివర్ బ్రేకు లివర్‌లోనే కలిసి ఉంటుంది. సైకిల్ విడిభాగాలు చేసే జపాన్ కంపెనీ షిమానో ఈ పద్ధతిని 1990లో తెచ్చింది. అంతకుముందు గేరు మార్చాలంటే హ్యాండిల్ వదిలి కింద ఫ్రేము మీదికి చెయ్యి దించాల్సి వచ్చేది. షిమానో సైకిళ్లలో బ్రేకు లివరే పక్కకు, లోపలికి కదులుతుంది. దాని వెనక ఇంకో చిన్న లివర్ ఉంటుంది. కుడిచేయి వెనక గేర్లది: పెద్ద లివర్ తోస్తే తొక్కడం తేలిక, చిన్నది తోస్తే బరువు. ఎడమచేయి ముందు పళ్లచక్రాలది, అక్కడ సరిగ్గా తిరగబడుతుంది: పెద్ద లివర్ తోస్తే బరువు, చిన్నది తోస్తే తేలిక. వారం రోజులు తప్పులు చేస్తారు. ఎక్కుడు మధ్యలో తేలిక చేయబోయి బరువు చేసి ఆగిపోతారు. పర్లేదు, మొదటి రెండు వారాలు ఎడమచేయి ముట్టుకోకండి. ముందు చిన్న చక్రం మీదే ఉంచి, కుడిచేతితో మాత్రమే ఆడుకోండి.

ఎంత తేడా ఉంటుందో చూడండి. ముందు 34 పళ్లు, వెనకా 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది, రెండు మీటర్ల పైచిలుకు వెళ్తారు. ముందు 50, వెనక 11 అయితే అదే చుట్టుకు తొమ్మిదిన్నర మీటర్లు. మన పాత సైకిల్‌కు ఉన్న ఒక్క గేరు ఈ రెంటికీ మధ్యలో, సుమారు అయిదు మీటర్ల దగ్గర ఉండేది. దాంతో ఎక్కుళ్లన్నీ లేచి నిలబడి తొక్కాం. ఆ అలవాటుకొద్దీ ఇక్కడా బరువు గేరేసి మోకాళ్లు అరగదీసుకోవద్దు. నిమిషానికి ఎనభై చుట్ల దగ్గర కాళ్లు తిరిగేలా గేరు పెట్టుకోండి. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టి, పదిహేను సెకన్లలో ఇరవై వస్తే సరిపోయినట్టు. కొత్తలో కాళ్లు ఊరికే గాల్లో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. కొన్నాళ్లకు అదే సుఖమనిపిస్తుంది.

రెండు నియమాలు గుర్తుంచుకోండి. గేరు మారుస్తున్న క్షణంలో పెడల్ మీద బలం తగ్గించాలి, లేకపోతే చైను కటకటమని అరుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగకముందే తేలిక గేరుకు వచ్చేయాలి, ఎందుకంటే ఆగాక పెడల్ తిరగదు, గేరు మారదు.

రోడ్డు మీదికి

హైదరాబాద్‌లో ఉంటే మీ అదృష్టం, మొదటి వారాలకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరులో తెరిచినప్పుడు ఈ దారి పొడవు 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. పైన సోలార్ పలకల కప్పు ఉంటుంది కాబట్టి ఎండ పడదు. విశాఖలో అయితే ఆర్కే బీచ్ రోడ్డు, తెల్లవారుజామున బండ్లను ఆపేసే వేళలో. ఇవేవీ లేని ఊళ్లో పొద్దున అయిదున్నరకు బైపాస్ సర్వీసు రోడ్డు చూసుకోండి. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, తలకు హెల్మెట్ లేకుండా మాత్రం గేటు దాటొద్దు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర పాత సైకిల్ మీదైతే కూర్చునే దాటేస్తాం. ఇక్కడ వేగం తగ్గించి, పెడల్స్ అడ్డంగా పెట్టి, నడుమును సీటు నుంచి రెండంగుళాలు పైకి లేపండి. బరువు పాదాల మీదికి వస్తుంది, మోకాళ్లు, మోచేతులు స్ప్రింగుల్లా పనిచేస్తాయి, సైకిల్ మీ కింద దానంతటది ఎగిరి దిగుతుంది. తప్పించుకోలేని గుంతకూ ఇదే పద్ధతి. గుంత వైపే చూస్తూ ఉంటే అందులోకే వెళ్తారు, కాబట్టి పక్కన ఎక్కడినుంచి పోవాలో అటు చూడండి. మలుపులో బయటివైపు పెడల్ కిందికి దించి దానిమీద బరువు వేయండి. లోపలివైపు పెడల్ కిందుంటే నేలకు తగిలి పడేస్తుంది.

రోడ్డు అంచున పేరుకున్న ఇసుక ఈ టైర్లకు మొదటి శత్రువు. రెండోది డ్రైనేజీ మీది ఇనుప జాలీ. దాని సందులు రోడ్డు పొడవునా ఉంటే చక్రం నిక్షేపంగా దిగిపోతుంది. రైలు పట్టాలను అడ్డంగానే దాటాలి, ఏటవాలుగా పోకూడదు. అందుకే మరీ అంచున నక్కి తొక్కకండి, అంచు నుంచి ఒక మీటరు లోపలికి, తిన్నగా, వెనకవాళ్లకు మీరెటు పోతారో తెలిసేలా తొక్కండి.

కుక్కలు వెంటపడితే పరిగెత్తించాలని చూడకండి. వాటికి కావాల్సింది అదే. వేగం తగ్గించి గట్టిగా అదిలించండి. అయినా మీదికొస్తే దిగి సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి. పది అడుగులు దాటాక వాటికే ఆసక్తి పోతుంది.

నొప్పులు, వారాలు

మొదటి వారం ఇరవై, ముప్ఫై నిమిషాల చొప్పున మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విరామం ఇవ్వండి. రెండో వారం పది, పన్నెండు కిలోమీటర్లు. మూడో వారం చివర ఒక ఇరవై. నాలుగో వారంలో ఫ్లైఓవర్లు గానీ చిన్న గుట్టలు గానీ కలిపి ముప్ఫై. తోటివాళ్లు పెట్టే అనంతగిరి కొండల ఫొటోలు చూసి ఉడుక్కోవద్దు. గంటలోపు సవారీకి నీళ్లు చాలు, అది దాటితే అరటిపండో పల్లీ చిక్కీయో జేబులో వేసుకోండి. ఎండాకాలంలో ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి.

కూర్చునే చోట నొప్పి తప్పదు. సీటు సన్నగా, గట్టిగా ఉందని దానిమీద మెత్తటి జెల్ కవరు వేస్తారు చాలామంది, నేనూ వేశాను. మెత్తదనంలో ఎముకలు కూరుకుపోయి, మధ్యనున్న మెత్తటి భాగం నొక్కుకుంటుంది, తిమ్మిరెక్కుతుంది. ఆ కవరు తీసిపారేసి, లోపల ప్యాడ్ కుట్టిన సైక్లింగ్ నిక్కరు కొనుక్కోండి. దాని కింద లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఒంటికి అతుక్కునే ఆ నిక్కరుతో లిఫ్టులో పక్కింటి ఆంటీ ఎదురైతే ఇబ్బందే, పైన మామూలు షార్ట్స్ తొడుక్కోండి, సరిపోతుంది. ఒకసారి వేసుకున్నది ఉతక్కుండా రెండోసారి వేయవద్దు. రెండు, మూడు వారాల్లో ఎముకల దగ్గరి నొప్పి అలవాటైపోతుంది. తిమ్మిరి మాత్రం అలవాటు చేసుకోవాల్సింది కాదు, అది వస్తుంటే సీటు వాలో వెడల్పో మార్చాలి. మెడ నొప్పి మామూలుగా నెలకు సర్దుకుంటుంది. గడ్డం ఎత్తి దూరం చూడకుండా, కళ్లు మాత్రం పైకెత్తి చూడటం అలవాటు చేసుకుంటే ఇంకా త్వరగా.

పంక్చరు కిట్ గురించి రెండు మాటలు. సీటు కింద చిన్న సంచిలో మీ టైరు సైజు ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు రెండు, చిన్న చేతి పంపు ఉండాలి. దారిలో ఉండే పంక్చరు షాపులో ఈ ట్యూబు దొరకదు. చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంట్లో, ఫ్యాన్ కింద, తీరిగ్గా రెండుసార్లు చేసి చూడండి. చైనుకు సైకిల్ చైను నూనే వేయాలి. వంటింట్లో కొబ్బరినూనె, బండిలో మిగిలిన ఇంజిన్ ఆయిల్ వేస్తే దుమ్మంతా అంటుకుని నల్లటి ముద్దవుతుంది.

బూటు అతుక్కునే పెడల్స్

బూటు అడుగున బిళ్ల ఉండి పెడల్‌లో టక్కున ఇరుక్కునే రకం చూసే ఉంటారు. 1985లో ఫ్రాన్స్ రేసర్ బెర్నార్డ్ హినో లుక్ కంపెనీ పెడల్స్‌తో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాక అవి లోకమంతా పాకాయి. మంచివే, కానీ నెల తిరిగాకే. మామూలు చదును పెడల్స్ మీద ఎక్కడం దిగడం ఆలోచించకుండా వచ్చేదాకా ఆగండి. నేను పదో రోజునే బిగించాను. ఒక సిగ్నల్ దగ్గర చక్కగా బ్రేకు వేసి, చక్కగా ఆగి, కాలు ఊడదీయడం మరిచిపోయి, నిలబడ్డ స్తంభం పడ్డట్టు అలాగే పక్కకు పడ్డాను. మోచెయ్యి గీరుకుంది. వెనక ఆటో ఆయన దిగొచ్చి లేపుతూ, "కాలెందుకు పెట్టలేదన్నా?" అని అడిగాడు. చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

మీరు బిగించుకునే రోజున పెడల్ పక్కనున్న చిన్న మరను వీలైనంత వదులు చేయండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, ఎడమ మడమను బయటికి తిప్పి ఊడదీయడం యాభైసార్లు చేయండి. రోడ్డు మీద ఆగబోయే చోటికి ఇరవై మీటర్ల ముందే ఎడమ కాలు ఊడదీసుకుని, ఊరికే పెడల్ మీద ఆనించి ఉంచండి. ఆగేటప్పుడు హ్యాండిల్‌ను కుడికి కాస్త తిప్పితే సైకిల్ దానంతటది ఎడమకు ఒరుగుతుంది. అయినా ఒకసారి పడతారు, అందరూ పడ్డవాళ్లే. ఆ ఒక్కసారి గడ్డి ఉన్న చోట జరిగేలా, మొదటి రోజు పార్కు పక్కనే తిరగండి.